ఫోన్లో వినిపించిన పాము

మీ పెరట్లో పాము కనబడితే మీరేం చేస్తారో నాకు తెలుసు. నాలుగడుగులు వెనక్కి వేసి, జేబులోంచి ఫోన్ తీసి, ఫొటో కొట్టి ఏదో ఒక గ్రూపులో పెడతారు. చాయ్ చల్లారేలోగా పాము పేరు వచ్చేస్తుంది. మంచిదే. నేను పనిచేసిన చోట మాత్రం బల్ల మీది ఫోనే ఉండేది. దాంట్లోంచి ఫొటోలు రావు, మాటలే వస్తాయి. నా ఉద్యోగమంతా ఆ మాటల్లోంచి పామును పోల్చుకోవడంతోనే గడిచింది.

పేరుకి అది కంప్లయింట్ సెంటర్. జంషెడ్‌పూర్లో కొన్ని కాలనీల నీళ్లు, కరెంటు, మురుగుకాలవల బాగోగులు చూసే ఆఫీసు. కుళాయి రావడం లేదని, వీధి దీపం వెలగడం లేదని జనం ఫోన్ చేస్తే రాసుకుని, ఆ పని చూసేవాళ్లకి చెప్పడం మా వంతు. చేరేటప్పుడు నాకెవరూ పాముల సంగతి చెప్పలేదు. మొదటి వానాకాలంలోనే తెలిసింది. ఇక్కడి క్వార్టర్లకి ముందో వెనకో కాస్త మట్టి ఉంటుంది. మట్టి ఉన్నచోట మనవాళ్లు పాదులు పెట్టకుండా ఉండరు. వాన పడగానే కప్పలొస్తాయి, కప్పల వెనకాల పాములొస్తాయి, పాముల వెనకాల మాకు ఫోన్లొస్తాయి.

ఫోన్ చేసినవాళ్లకి ప్రతి పామూ నాగుపామే. పొడుగెంతంటే తలుపంత అంటారు. మేం అడిగే ప్రశ్నలన్నీ ఆ భయంలోంచి పామును బయటికి లాగడానికే. వేలంత లావుందా, మణికట్టంత ఉందా? ఒంటి మీద చారలా, మచ్చలా? మిమ్మల్ని చూసి పారిపోయిందా, కదలకుండా అక్కడే ఉందా? పారిపోతే చాలావరకు జెర్రిపోతు. కాలవ గట్టున దొరికి, పట్టబోతే కసిగా కరిచిందంటే నీరుకట్టె, విషం లేనిది. ఒకసారి భాలుబాసా నుంచి ఒకావిడ ఫోన్ చేసి, తులసి కుండీలో వానపాము నాలిక చాపుతోందని చెప్పింది. వానపాముకి నాలికేమిటని నేను వాదించాను. తీరా చూస్తే అది గుడ్డిపాము, వానపామంత సన్నగా ఉండే అసలైన పాము. చీమల గుడ్లు తిని బతుకుతుంది, ఎవర్నీ ఏమీ అనదు. ఆ రోజంతా నాకు అదే ధ్యాస. మన కుండీలో, మన గోళ్లకింది మట్టిలో, మనకి తెలియకుండా ఇంకా ఏమేం తిరుగుతున్నాయో అని.

ఇంత ఆసక్తి ఉన్న నాకు పామంటే మహా భయం. పాములు పట్టే సహోద్యోగి ఒడిశా వైపువాడు, మురుగుకాలవల సూపర్వైజరు. చిన్నప్పటినుంచి పాములు పట్టడం వచ్చు కాబట్టి ఆ పని కూడా అతని నెత్తిన పడింది. పట్టినదాన్ని మూతకి చిల్లులు పొడిచిన డ్రమ్ములో వేసి, అటవీశాఖవాళ్లకి అప్పగించేముందు మా గుమ్మం దగ్గర ఆగేవాడు. "రండి దీదీ, మీరు చెప్పింది ఇదేనేమో చూసుకోండి" అని పిలిచేవాడు. నేను కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. ఏ రంగుంది, తోక ఎలా ఉంది అని అక్కడినుంచే అడిగి, నేను అనుకున్నది సరో కాదో తేల్చుకునేదాన్ని. నేను పోల్చిన పాముల్లో ఒక్కదాన్ని కూడా కళ్లతో చూడలేదు.

నా పక్క కుర్చీలో ఒక సీనియర్ ఉండేవాడు. బీహార్ మనిషి, నెమ్మదస్థుడు, గొంతు వింటేనే జనానికి సగం భయం పోయేది. ఒకసారి ఎవరో నల్లటి పాము, తెల్లచారలు అని చెబితే, ఆయన నాలుగు ప్రశ్నలడిగి, అది విషంలేని తోడేలు పాము, చీపురుతో బయటికి తోసేయండి అన్నాడు. వాళ్లు తోసేశారు. తర్వాత మా సూపర్వైజరు వెళ్లి కాలవ పక్కన దాన్ని పట్టుకుని చూస్తే కట్లపాము, కరిస్తే ప్రాణం తీసేది. చారలున్న ఈ రెంటికీ తేడా చెప్పాలంటే, చారలు మెడ దగ్గర గట్టిగా ఉండి తోడేలు పాముకిలా తోకవైపు మాసిపోతున్నాయా, లేక కట్లపాముకిలా తోకదాకా స్పష్టంగా ఉన్నాయా అని చూడాలి. ఆయన అడిగాడు, వాళ్లు భయంలో ఏదో చెప్పారు. చీపురుకి పొడుగాటి కర్ర ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆయన ఆ తర్వాత కొన్నాళ్లు అన్నం సరిగా తినలేదు. మా ఆఫీసరు అప్పుడే ఒక నియమం పెట్టాడు. ఫోన్లో పాము పేరు చెప్పకూడదు. దూరంగా ఉండండి, మనిషి వస్తున్నాడు అనాలి, అంతే. ఆ నియమాన్ని అందరికంటే ఎక్కువగా పట్టుకున్నది ఆ సీనియరే.

ఆ ఏడాదే కాలేజీలో జువాలజీ చెప్పే ఒక మేడమ్‌ని పిలిపించి మాకు క్లాసు పెట్టించారు. ఆవిడకి పాములంటే పిల్లలంత ముద్దు. బొమ్మలు చూపిస్తూ చూపిస్తూ, రక్తపింజరి దగ్గరికి వచ్చేసరికి, ఇది కోపంవస్తే ఎలా బుసకొడుతుందో వినండి అని పళ్లు బిగించి, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ చప్పుడు చేసి చూపించింది. కొండచిలువ కూడా బుసకొడుతుంది గానీ ఇంత పొడుగ్గా, ఇంత గట్టిగా, ఆగకుండా ఈ దేశంలో మరే పామూ చెయ్యదంది. అంత పెద్ద లెక్చరర్ అలా బుసలు కొడుతుంటే మాకు నవ్వాగలేదు. ఆవిడ కూడా నవ్వేసింది.

ఇక ఆ రోజు సంగతి.

రాత్రంతా కురిసి తెల్లవారాక తెరిపిచ్చిన రోజు. అలాంటి పొద్దుటిపూట పాములు ఎండకోసం బయటికొస్తాయి. మా సూపర్వైజరు అప్పటికే ఊరికి ఆ చివర, నది ఒడ్డున ఉన్న కాలనీకి వెళ్లాడు. ఫోన్ మోగింది.

"అలో, పాములు పట్టీవోళ్లేనా?"

మాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు హిందీలోనే. మా శ్రీకాకుళం యాస వినబడేసరికి నా నోట్లో కూడా ఇంటి మాటే వచ్చేసింది.

"అవును మామ్మా, సెప్పు. ఎక్కడ్నించి?"

"బారిడీనించమ్మా. మా దొడ్లో పామున్నాది. ఆనపపాదు కింద పడుకున్నాది. పక్కింటి కుర్రోడు దాన్ని సేత్తో పట్టుకుంతానంతన్నాడు. నువ్వు కొంచెం సెప్పమ్మా ఆడికి, నా మాట ఇనట్లేదు."

కోడలి సెల్లు తీసుకుని చేస్తోంది. చెవిదగ్గర పెట్టుకోవడం అలవాటులేక స్పీకరు పెట్టించుకుంది. అందుకే అక్కడి మాటలన్నీ నాకు వినబడుతున్నాయి, నా మాట వాళ్లకి వినబడుతోంది. బారిడీహ్‌లో ఇల్లెక్కడో కనుక్కుని సీనియర్‌కి రాసిచ్చాను. ఆయన వెంటనే సూపర్వైజర్‌కి ఫోన్ కలిపాడు. నేను ఆ కుర్రవాడితో హిందీలో, దూరంగా ఉండు బాబూ, మా మనిషి బయలుదేరాడు అన్నాను.

అతను తెలుగింటి పిల్లవాడే, ఏదో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. జవాబు మాత్రం హిందీలో వచ్చింది. "ఆంటీ, అజ్‌గర్ కా బచ్చా హై." కొండచిలువ పిల్లేనట, కరవదట, బకెట్లో వేసి దల్మా కొండల్లో వదిలేస్తాడట. ఆ గొంతులో పొగరు లేదు. పాముని ఎవరైనా కర్రతో కొట్టేస్తారేమోనన్న కంగారే ఉంది. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. మంచి పని చేస్తున్నాననుకునేవాణ్ణి ఆపడం కష్టం.

"మామ్మా, పాము ఎలాగున్నాది?"

"పొట్టిగా, లావుగా ఉన్నాదమ్మా, రోకలిలాగ. మట్టి రంగు. ఒంటి నిండా మచ్చలు."

"మచ్చలు ఎలాగున్నాయి?"

"గుండ్రంగా. వరసల్లో ఉన్నాయి. అద్దకం సీర మీద అచ్చులేసినట్టు."

కుర్రవాడు మధ్యలో అందుకుని, వరసా లేదు ఏమీ లేదు ఆంటీ, చెల్లాచెదురు మచ్చలే, నేను జూలో చూశాను అన్నాడు. కొండచిలువకి మచ్చలు చెదిరినట్టుంటాయి. రక్తపింజరికి గొలుసులా వరసల్లో ఉంటాయి. ఒకే పాము, రెండు జతల కళ్లు. ముసలావిడ గుమ్మంలో ఉంది, అతను పాము దగ్గర ఉన్నాడు. ఎవర్ని నమ్మాలి? దగ్గరున్నవాణ్ణే కదా.

అప్పుడు నాకు వాళ్ల మాటల వెనకాల ఒక చప్పుడు వినబడింది. మొదట్నుంచీ ఉన్నట్టుంది, నేనే పట్టించుకోలేదు.

"మామ్మా, ఎనకాల ఆ సప్పుడేటి?"

"ఏ సప్పుడు?"

"బుస్సుమంతన్నాది."

"అదా. మా కోడలు కుక్కరెట్టిందమ్మా. పప్పుడుకుతన్నాది."

కుక్కరైతే ఈల వెయ్యాలి. ఈల వేశాక కాసేపైనా ఆగాలి. ఇది ఆగడం లేదు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టుంది, కానీ ఎంతకీ గాలి అయిపోవడం లేదు.

"ఒక్కపాలి కోడల్ని అడుగు మామ్మా, కుక్కరు ఇంకా పొయ్యి మీదున్నాదా?"

ఆవిడ లోపలికి కేకేసింది. లోపలినుంచి కోడలి గొంతు సన్నగా వినబడింది. "ఎప్పుడో దించేసినానత్తా."

క్లాసులో మేడమ్ పళ్లు బిగించి చేసిన చప్పుడు, మేం నవ్విన చప్పుడు, ఇక్కడ పాదు కింది చప్పుడు మూడూ కలిసి చెవిలో మోగాయి. లోపలికి పీల్చేటప్పుడూ ఉంది, వదిలేటప్పుడూ ఉంది.

నా ముఖం చూసి సీనియర్‌కి అర్థమైనట్టుంది. చెయ్యి చాపి ఫోన్ మూతి మీద అడ్డం పెట్టాడు. "పేరు చెప్పకు. తప్పయితే నీకు నిద్రుండదు, నా మాట విను" అన్నాడు హిందీలో. అది బెదిరింపు కాదు, అనుభవించినవాడి మాట. నేను ఆయన చెయ్యి తీసేశాను.

"మామ్మా, అది రక్తపింజరి. ఆడ్ని ముట్టుకోనీకు."

అతనికి హిందీలో కూడా చెప్పాను. అటునుంచి అతను, విసుగు లేకుండానే, "ఆంటీ, మీరు దాన్ని చూడనైనా లేదు కదా" అన్నాడు.

చూడలేదు నిజమే. ఆ ఒక్క పామునే కాదు, ఏ పామునీ చూడలేదు. అతను ఇంకో అడుగు ముందుకేసినట్టు బకెట్ చప్పుడైంది. నేను ఇంక అతనితో మాట్లాడలేదు.

"మామ్మా, ఆడి సొక్కా పట్టుకుని ఎనక్కి లాగెయ్. బేగి."

తర్వాత వినబడినవి ఇవీ: ముసలావిడ పరుగు, ఎవరో పడ్డ చప్పుడు, ప్లాస్టిక్ మీద టప్పుమని ఒక దెబ్బ, ఆడగొంతు కేక. లైను తెగిపోయింది.

ఫోన్ దగ్గర పనిచేసేవాళ్లకి ఉండే కష్టం అదే. కథ మధ్యలో తలుపు మూసుకుపోతుంది. నేను తిరిగి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. సీనియర్ నన్ను అడక్కుండానే అంబులెన్సుకి చెప్పి, తన ఫోన్లోంచి కూడా అదే నంబరు తిప్పడం మొదలుపెట్టాడు. ఆ గదిలో మేమిద్దరం చెరో ఫోనూ పట్టుకుని, ఎవరి మొహం ఎవరం చూసుకోకుండా కూర్చున్నాం. మధ్యలో కుళాయి రావట్లేదని ఎవరో చేస్తే ఆయన ఎంత మర్యాదగా రాసుకున్నాడో నాకు ఇప్పటికీ గుర్తు.

చివరికి సూపర్వైజరు ఫోన్ చేశాడు. అందరూ బాగున్నారు, పాము డ్రమ్ములో ఉంది అన్నాడు. తర్వాత ఒడియాలో "చందన్‌బోడా, దీదీ" అన్నాడు. వాళ్లవైపు రక్తపింజరిని అలా అంటారు. సీనియర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు ఆయన చాలాసేపు తుడిచాడు.

జరిగిందేమిటంటే, ముసలావిడ పాదు దాకా పరుగెత్తి, ఫోన్ పడేసి, రెండు చేతులతో కుర్రవాడి టీషర్టు వెనకనుంచి పట్టి లాగింది. ఇద్దరూ బురదలో వెల్లకిలా పడ్డారు. అదే క్షణంలో పాము ఒళ్లంతా నేలమీంచి లేచేలా ఎగిరి, అతను ఎడంచేత్తో పట్టుకున్న బకెట్‌ని కొట్టింది. బకెట్ మీద పసుపు రంగు తడి జారిందట. ఇక ఫోన్ సరిగ్గా ఆనపపాదు కిందే, పాముకి జానెడు దూరంలో పడింది. అందుకే ఎవరూ ఎత్తలేదు. మేం ఆత్రంగా ఫోన్ చేసినప్పుడల్లా అది నేలమీద గిలగిల కొట్టుకోవడం, పాము మరింత బుసకొట్టడం. మేమే దాన్ని అంతసేపూ రెచ్చగొట్టామన్నమాట.

మధ్యాహ్నానికి సూపర్వైజరు డ్రమ్ముతో మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. వెనకాల ఆ కుర్రవాడు కూడా ఉన్నాడు. వీపంతా ఎండిన బురద. నేను అనుకున్నదానికంటే చిన్నవాడు. "రండి దీదీ" అని సూపర్వైజరు అలవాటుగా పిలిచాడు. ఈసారి నేను లేచాను.

మూత చిల్లుల్లోంచి చూశాను. ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఎండుటాకు రంగు ఒంటిమీద ముదురు గోధుమరంగు మచ్చలు, ప్రతి మచ్చకీ నల్లటి అంచు, ఆ అంచుకి మళ్లీ సన్నటి తెల్లగీత. ముసలావిడ చెప్పింది నిజమే, అచ్చులేసినట్టే ఉన్నాయి. నన్ను చూసి ఊపిరి పీల్చింది. డ్రమ్ము గోడలు అదిరాయి.

కుర్రవాడు నా పక్కనే నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి తెలుగులో, తడుముకుంటూ అడిగాడు. "ఆంటీ, నిజంగా సెప్పండి. మీకు పక్కాగా తెలుసా?"

"నేదు. సగం తెలుసు."

"మిగతా సగం?"

"భయం."

అతను తల ఊపాడు. నవ్వలేదు.

మర్నాడు ఆఫీసరు పిలిచి, నియమం తెలిసీ పేరెందుకు చెప్పావన్నాడు. తప్పయి ఉంటే అన్నాడు. తప్పయితే ఒక కొండచిలువ పిల్ల ఇంకాసేపు ఆనపపాదు కింద పడుకునేది సార్, అంతే అన్నాను. ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడిన సీనియర్, "సార్, అపాయం లేదని చెప్పడం వేరు, అపాయముందని చెప్పడం వేరు. నేను మొదటిది చేశాను, ఆవిడ రెండోది చేసింది" అన్నాడు. తన పాత తప్పు గురించి ఆయన నోరు విప్పడం అదే మొదలు. ఆఫీసరు చాలాసేపు ఆలోచించి నియమాన్ని మార్చాడు. విషం లేదని ఫోన్లో ఎవరూ చెప్పకూడదు. ఉందేమోనన్న అనుమానం వస్తే మాత్రం చెప్పవచ్చు. మీలో ఎవరైనా ఇలాంటి ఉద్యోగంలో చేరితే నేను చెప్పగలిగింది అదొక్కటే.

ఇంకో సంగతి కూడా జరిగింది. అటవీశాఖవాళ్లు తీసుకెళ్లేలోగా ఆ పాము డ్రమ్ములోనే పిల్లల్ని పెట్టింది. రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. సూపర్వైజరు పొద్దున్నే మూత మీంచి చూస్తే లోపల అడుగు కనబడలేదట. అన్నీ జానెడంత, అన్నిటికీ అవే మచ్చలు, అవే వరసలు, అప్పుడే బుసలు. సీనియర్ అది విని, "ఒక కంప్లయింట్ మూశాం, ఎన్ని తెరుచుకున్నాయో చూడు" అన్నాడు. నేను మాత్రం ఆ పాదు గురించి ఆలోచించాను. పాము ఆ పొద్దున ఎందుకంత ఆగకుండా బుసకొట్టిందో, పారిపోగలిగీ ఎందుకు పారిపోలేదో నాకు అప్పుడు కొంత అర్థమైనట్టనిపించింది. సరిగ్గా అర్థమైందని ఇప్పటికీ అనుకోను.

రిటైరయ్యాక బారిడీహ్ వెళ్లి ముసలావిడని చూసి వచ్చాను. గొంతు వినగానే పోల్చేసింది. దొడ్లో పాదులు అలాగే ఉన్నాయి, కాకపోతే కింద ఆకులు పేరుకోకుండా రోజూ ఊడుస్తోంది. పక్కింటి కుర్రవాడి గురించి అడిగాను.

"ఆడా, ఇప్పుడు ఈ కాలనీలో పాము కనబడితే ముందు ఆణ్ణే పిలుత్తారమ్మా" అంది. "పట్టడు. పట్టీవోళ్లకి ఫోన్ చేసి దూరంగా నిలబడతాడు. జనమంతా ఓ అని అరుత్తుంటే, ముందు అందర్నీ నోరు మూసుకోమంతాడు."

"ఎందుకూ?"

"సప్పుడు ఇంతాడట."